ఫెర్రైట్ బిళ్లల రెసిస్టివిటీ కొలిచే రెండు ప్రోబ్‌ల సెట్: బరంపురం ప్రయోగశాలలో వాడి చూశాక

కాలేజీలో రెసిస్టివిటీ (ఒక పదార్థం విద్యుత్తును ఎంతగా అడ్డుకుంటుందో చెప్పే కొలత) ప్రయోగం అనగానే చాలామందికి జెర్మేనియం స్ఫటికంతో వచ్చే నాలుగు ప్రోబ్‌ల సెట్ ఒక్కటే గుర్తొస్తుంది. ప్రధానంగా ఇనుము ఆక్సైడ్‌తో చేసే, పింగాణీ లాంటి అయస్కాంత పదార్థం ఫెర్రైట్. అలాంటి అధిక నిరోధ పదార్థాలకు అది పనికిరాదు. బిళ్ల రెండు ముఖాలకూ వెండి పూత పూసి, దాని గుండా పోయే అతి స్వల్ప విద్యుత్తును కొలవగలిగే రెండు ప్రోబ్‌ల సెట్ కావాలి. బరంపురంలో నేను పాఠాలు చెప్పే కాలేజీకి ఒక తయారీదారు నుంచి అలాంటి సెట్ తెప్పించాం. వానాకాలంలోనూ, చలికాలంలోనూ, నడివేసవిలోనూ దాన్ని ఎంఎస్సీ విద్యార్థుల చేత వాడించి చూశాను. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు కాలేజీల్లో పనిచేసే తెలుగు అధ్యాపక మిత్రులు దీని గురించి తరచుగా అడుగుతున్నారు కనుక, కొనబోయేవారికి పనికొచ్చేలా కొంత వివరంగానే ఈ సమీక్ష రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఫెర్రైట్‌లో చిటికెడు మరో మూలకం కలిపితే దాని రెసిస్టివిటీ ఎన్ని రెట్లు మారిపోతుందో విద్యార్థి తన చేతులతో కొలిచి తెలుసుకోవడానికి, లక్ష రూపాయల లోపు ధరలో నేను చూసినంతలో ఇంతకంటే మంచి సాధనం లేదు. అయితే ఇందులో బిళ్లను పట్టి ఉంచే హోల్డరు మన తీరప్రాంతపు తేమకు తట్టుకునేది కాదు. సెట్‌తో వచ్చే మాన్యువల్ అయితే ఫెర్రైట్‌ను జెర్మేనియంలాగే భావించి రాసినది. ఈ రెండు లోపాలూ తెలిసి కొంటే డబ్బుకు తగిన ఫలితం దక్కుతుంది. తెలియకుండా కొంటే విద్యార్థులు ఏళ్ల తరబడి తప్పు అంకెలనే రికార్డు పుస్తకాల్లో రాసుకుంటూ పోతారు.

పెట్టెలో వచ్చే సామగ్రి ఇది: 200 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కే చిన్న ఓవెన్, దానికి డిజిటల్ ఉష్ణోగ్రత నియంత్రిక, ఉష్ణోగ్రత కొలిచే థర్మోకపుల్, వోల్టేజిని కొద్దికొద్దిగా పెంచుకోగలిగే డీసీ సప్లై, పికోఆంపియర్ల దాకా చదవగలిగే మీటరు, స్ప్రింగుతో నొక్కి పట్టే రెండు ఇత్తడి బిళ్లల హోల్డరు, నమూనాగా ఒక ఫెర్రైట్ బిళ్ల. మీటరు బాగుంది. సున్నా దగ్గర నిలకడగా ఉంటుంది, రేంజి మార్చినప్పుడు అంకె తడబడదు. ఓవెన్ ఇంకా బాగుంది. కోరిన ఉష్ణోగ్రతకు చేరాక ఒక డిగ్రీ అటూ ఇటూ తప్ప కదలదు. ఈ ధరలో ఇంత నిలకడైన ఓవెన్ ఇస్తారని నేను అనుకోలేదు.

ఫెర్రైట్‌కు రెసిస్టివిటీ ఎందుకంత ముఖ్యమో విద్యార్థికి ముందుగా అర్థం కావాలి. ఇనుము రెసిస్టివిటీ సుమారు 10⁻⁷ ఓమ్ మీటర్. అందుకే తీగ చుట్ల నడుమ ఉండే ఇనుప కోరులో మారుతున్న అయస్కాంత క్షేత్రం ఎడ్డీ కరెంట్లను, అంటే సుడులుగా తిరిగే విద్యుత్తును పుట్టించి శక్తిని వేడిగా వృథా చేస్తుంది. 50 హెర్ట్జ్ ట్రాన్స్‌ఫార్మర్‌లో రేకులు పేర్చి ఆ నష్టాన్ని అదుపు చేయవచ్చు గానీ, లక్ష హెర్ట్జ్ దగ్గర పనిచేసే మొబైల్ ఛార్జర్‌లో మామూలు రేకులతో గట్టెక్కడం సాధ్యం కాదు. అక్కడ కావలసింది అయస్కాంతత్వం ఉండి విద్యుత్తును దాదాపు పోనివ్వని పదార్థం. 1930లో టోక్యోలో యోగోరో కాతో, తకేషి తకేయి కనిపెట్టిన ఫెర్రైట్లు సరిగ్గా అలాంటివి. వాటిని వ్యాపార స్థాయిలో తయారు చేయడానికే 1935లో టీడీకే సంస్థ పుట్టింది. తర్వాత హాలండ్‌లోని ఫిలిప్స్ ప్రయోగశాలలో స్నూక్ బృందం మాంగనీస్ జింక్, నికెల్ జింక్ ఫెర్రైట్లను పరిశ్రమకు అందించింది. పాడైపోయిన ఛార్జర్ విప్పితే రాగి తీగ చుట్ల నడుమ కనిపించే నల్లటి పెళుసు ముక్క అదే.

ఫెర్రైట్లన్నింటికీ రెసిస్టివిటీ ఒకే విధంగా ఉండదు. ఇనుము, ఆక్సిజన్ మాత్రమే ఉన్న మాగ్నటైట్ కూడా ఫెర్రైటే, కానీ అది దాదాపు లోహంలా విద్యుత్తును పోనిస్తుంది. దాని రెసిస్టివిటీ గది ఉష్ణోగ్రత వద్ద 10⁻⁴ ఓమ్ మీటర్ ప్రాంతంలో ఉంటుంది. మాంగనీస్ జింక్ ఫెర్రైట్‌కు అది 0.1 నుంచి 10 ఓమ్ మీటర్ల దాకా, నికెల్ జింక్ ఫెర్రైట్‌కు సాధారణంగా లక్ష ఓమ్ మీటర్లు, అంతకు మించి కూడా ఉంటుంది. స్పైనెల్ అనే ఒకే స్ఫటిక నిర్మాణం, ఒకే ఆక్సిజన్ అమరిక, అయినా ఇంత తేడా. ఈ సెట్ కొన్నవారు మొట్టమొదట విద్యార్థుల ముందు పెట్టవలసిన ప్రశ్న ఇదేనని నా ఉద్దేశం.

దానికి జవాబు ఇనుము అయాన్ల దగ్గర ఉంది. స్పైనెల్ నిర్మాణంలో లోహ అయాన్లకు రెండు రకాల స్థానాలుంటాయి: నాలుగు ఆక్సిజన్ల మధ్య ఉండే టెట్రాహెడ్రల్ స్థానం ఒకటి, ఆరు ఆక్సిజన్ల మధ్య ఉండే ఆక్టాహెడ్రల్ స్థానం మరొకటి. నికెల్ ఫెర్రైట్‌లో యూనిట్ సెల్ (స్ఫటికంలో మళ్లీ మళ్లీ వచ్చే అతి చిన్న గడి) అంచు సుమారు 8.34 ఆంగ్‌స్ట్రామ్‌లు. దాన్ని బట్టి లెక్కిస్తే పక్కపక్క ఆక్టాహెడ్రల్ స్థానాల మధ్య దూరం 2.95 ఆంగ్‌స్ట్రామ్‌లు, ఆక్టాహెడ్రల్ నుంచి టెట్రాహెడ్రల్‌కు 3.46, టెట్రాహెడ్రల్ నుంచి టెట్రాహెడ్రల్‌కు 3.61. అన్నింటిలో దగ్గరివి ఆక్టాహెడ్రల్ స్థానాలే. అక్కడ పక్కపక్కనే రెండు ధనావేశాల ఇనుము ఒకటి, మూడు ధనావేశాల ఇనుము ఒకటి ఉన్నాయంటే, మొదటి దాని ఎలక్ట్రాన్ రెండో దానిమీదికి గెంతుతుంది. ఫెర్రైట్‌లో ప్రవహించే విద్యుత్తులో అధికభాగం ఈ గెంతులే. శాస్త్రవేత్తలు వెర్వే, డి బోయర్ 1936లోనే ఈ వివరణ ఇచ్చారు. మాగ్నటైట్‌లో ఈ రెండు రకాల ఇనుమూ ఆక్టాహెడ్రల్ స్థానాల్లో సమపాళ్లలో ఉంటాయి కనుక అది అంత తేలికగా విద్యుత్తును పోనిస్తుంది.

నికెల్ ఫెర్రైట్‌లో సూత్రం ప్రకారం రెండు ధనావేశాల ఇనుము ఉండనే కూడదు. కానీ బిళ్లను 1200 డిగ్రీల పైన కాల్చినప్పుడు కొంత ఆక్సిజన్ గాలిలోకి పోతుంది, ఆ లోటు పూడ్చడానికి కొంత ఇనుము రెండు ధనావేశాలకు దిగుతుంది. జింకు ఉన్న ఫెర్రైట్లలో అయితే ఆ వేడికి జింకు కూడా ఆవిరై పోతుంది, దానివల్ల కూడా అదే జరుగుతుంది. చల్లార్చేటప్పుడు ఆక్సిజన్ అందేలా నిదానంగా చల్లారిస్తే ఇందులో కొంత తిరిగి సర్దుకుంటుంది. డోపింగ్, అంటే చిటికెడు మరో మూలకం కలపడం, దాని పని మొదలయ్యేది ఇక్కడే. అక్కరలేని ఆ రెండు ధనావేశాల ఇనుమును తగ్గించడం, గెంతే దారిని తెగ్గొట్టడం, బిళ్లలోని సూక్ష్మ స్ఫటిక రేణువుల హద్దుల్లో అడ్డుగోడ కట్టడం అనే మూడు పనుల్లో ఏదో ఒకటి, కొన్నిసార్లు రెండేసి, కలిపిన మూలకం చేస్తుంది.

సెట్‌తో వచ్చిన ఒక్క బిళ్లతో ఇవేవీ చూపించలేం. దాని మీద కూర్పు వివరం కూడా లేదు. ఇది తయారీదారు దిద్దుకోవలసిన లోపం. డోపింగ్ చేయని బిళ్ల ఒకటి, చేసినవి రెండు మూడు కూర్పు రాసి ఇస్తే ధర కొంత పెరిగినా సెట్ విలువ ఎంతో పెరిగేది. మా అదృష్టం కొద్దీ, విశాఖపట్నంలో పరిశోధన చేస్తున్న మా పూర్వ విద్యార్థిని ఒక వరుస బిళ్లలు చేసి పంపింది. నికెల్ ఆక్సైడ్, ఫెర్రిక్ ఆక్సైడ్ అగేట్ రోట్లో నూరి, ముందుగా ఒకసారి కాల్చి, మళ్లీ నూరి, పాలివినైల్ ఆల్కహాల్ బంకతో ప్రెస్సులో 10 మిల్లీమీటర్ల బిళ్లలుగా నొక్కి, అన్నింటినీ ఒకే కొలిమిలో ఒకే తడవ కాల్చింది. ఒకే తడవ కాల్చడం అన్నింటికంటే ముఖ్యమైన మాట, దాని సంగతి తర్వాత చెబుతాను.

వరుసలో మొదటిది శుద్ధ నికెల్ ఫెర్రైట్, రెండోది అందులో కొద్దిపాటి మాంగనీస్ కలిపినది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి కొలిపించడం ఈ సెట్‌తో చేయించగల అత్యుత్తమ ప్రయోగం. మాంగనీస్ బిళ్లకు వచ్చేసరికి మీటరు రేంజిని ఒక మెట్టు కాదు, కొన్ని మెట్లు కిందికి దించితే తప్ప అంకె కనిపించదు. విద్యార్థులు ముందు వైరు ఊడిందేమోనని చూస్తారు. వైరు బాగానే ఉంటుంది, విద్యుత్తే అంతగా తగ్గి ఉంటుంది. నికెల్ ఫెర్రైట్‌లో కొద్దిగా మాంగనీస్ గానీ కోబాల్టు గానీ కలిపితే రెసిస్టివిటీ ఎన్నో రెట్లు పెరుగుతుందని 1950లలోనే బెల్ ల్యాబ్స్‌కు చెందిన వాన్ ఉయిటర్ట్ చూపించాడు. మూడు ధనావేశాల మాంగనీస్ పక్కనున్న రెండు ధనావేశాల ఇనుము నుంచి ఒక ఎలక్ట్రాన్ తీసేసుకుంటుంది. ఇనుము మూడుకు ఎక్కుతుంది, మాంగనీస్ రెండుకు దిగుతుంది. మాంగనీస్ ఆ ఎలక్ట్రాన్‌ను తేలికగా వదలదు కనుక గెంతు అక్కడితో ఆగిపోతుంది.

మూడో బిళ్లలో ఇనుములో కొంత భాగం బదులు అల్యూమినియం వేశారు. అల్యూమినియం అయాన్ వ్యాసార్ధం 0.535 ఆంగ్‌స్ట్రామ్‌లు, మూడు ధనావేశాల ఇనుముది 0.645. చిన్నదే అయినా అది ఎక్కువగా ఆక్టాహెడ్రల్ స్థానాల్లోనే సర్దుకుంటుంది. దానికి మూడు తప్ప మరో ధనావేశం లేదు కనుక ఎలక్ట్రాన్ ఇవ్వదు, పుచ్చుకోదు. గెంతుకు అవకాశమున్న జతలు ఎక్కడికక్కడ తెగిపోతాయి, రెసిస్టివిటీ పెరుగుతుంది. కాకపోతే అయస్కాంతత్వం కూడా దానితోపాటే తగ్గుతుంది. డోపింగ్‌లో లాభం ఎప్పుడూ ఏదో ఒక నష్టంతో కలిసే వస్తుందన్న సంగతి విద్యార్థికి ఈ బిళ్ల దగ్గరే చెప్పడం మంచిది.

టైటానియం విషయంలో నేను కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే పోటీ పరీక్షల గైడ్లలో దాన్ని మరీ తేల్చేస్తారు. టైటానియానికి నాలుగు ధనావేశాలు. అది మూడు ధనావేశాల ఇనుము స్థానంలో కూర్చుంటే ఒక ధనావేశం ఎక్కువవుతుంది, ఆ లెక్క సరిచేయడానికి మరో ఇనుము మూడు నుంచి రెండుకు దిగవలసి వస్తుంది. అంటే మనం వద్దనుకున్న రెండు ధనావేశాల ఇనుమే పెరుగుతుంది, నికెల్ ఫెర్రైట్‌లో రెసిస్టివిటీ పడిపోయే ప్రమాదం ఉంటుంది. అదే టైటానియంతో పాటు సమానంగా నికెల్‌ను కూడా పెంచి, రెండు ఇనుముల బదులు ఒక నికెల్, ఒక టైటానియం వేస్తే ధనావేశాల లెక్క సరిపోతుంది. రెండు ధనావేశాల ఇనుము పెరగదు, పైగా మొత్తం ఇనుము తగ్గుతుంది కనుక రెసిస్టివిటీ పెరుగుతుంది. మాంగనీస్ జింక్ ఫెర్రైట్లలో మరో కథ: అక్కడ రెండు ధనావేశాల ఇనుము ఎలాగూ కొంత ఉంటుంది, టైటానియం తన పక్కనే దాన్ని పట్టి ఉంచి గెంతనివ్వదు. కాబట్టి టైటానియం కలిపితే రెసిస్టివిటీ పెరుగుతుందా, తగ్గుతుందా అని ఒంటరిగా అడిగితే జవాబు లేదు. దేని బదులు కలిపామన్నది చెప్పాలి. ఈ సెట్‌కు టైటానియం బిళ్లలు చేయించుకునేవారు రెండు కూర్పులూ చేయించుకుంటే రెండు వ్యతిరేక ఫలితాలను ఒకే మధ్యాహ్నం చూపించవచ్చు.

లాంథనం, గడోలినియం వంటి అరుదైన మృత్తిక మూలకాలు కలిపిన బిళ్లలు మరో రకంగా పనిచేస్తాయి. లాంథనం వ్యాసార్ధం 1.03 ఆంగ్‌స్ట్రామ్‌లు. అంత పెద్ద అయాన్ స్పైనెల్‌లోకి పెద్దగా ఇమడదు. ఇమడనిది రేణువుల హద్దుల దగ్గర లాంథనం, ఇనుముల ఆక్సైడ్‌గా వేరే పొర కడుతుంది, ఆ పొర విద్యుత్తును పోనివ్వదు. మాంగనీస్ జింక్ ఫెర్రైట్ పరిశ్రమలో కాల్షియం ఆక్సైడ్, సిలికాలను పది లక్షల్లో కొన్ని వందల పాళ్లు మాత్రమే కలపడం వెనుక ఉన్న కిటుకు కూడా ఇదే. కాల్షియం అయాన్ పెద్దది, రేణువులోపల ఉండలేక హద్దుకు చేరి సిలికాతో కలిసి పలుచటి గాజు పొర కడుతుంది. రేణువు లోపల విద్యుత్తు తేలికగా పోతున్నా, రేణువు నుంచి రేణువుకు దాటడం కష్టమవుతుంది, మొత్తం కోరు రెసిస్టివిటీ పెరిగి ఎడ్డీ నష్టం తగ్గుతుంది. మోతాదు మించితే రేణువులు అడ్డదిడ్డంగా పెరిగి అసలు అయస్కాంత గుణమే చెడుతుంది.

ఈ మూలకాల పేర్లు మా విద్యార్థులకు ఎక్కడో దూరపు సీసాల మీది పేర్లుగా ఉండనవసరం లేదు. టైటానియం ఖనిజాలైన ఇల్మెనైట్, రూటైల్, అరుదైన మృత్తికలున్న మోనజైట్ మా గంజాం జిల్లా తీరపు ఇసుకలోనే ఉన్నాయి, ఛత్రపురంలో ప్రభుత్వ రంగ సంస్థ ఐఆర్‌ఈఎల్ ఆ ఇసుకను తవ్వి వేరు చేస్తుంది. మాంగనీస్ రాయగడ జిల్లాలో నిషిఖల్ దగ్గర ఉంది. కొరాపుట్ జిల్లా దమన్‌జోడిలో నాల్కో అల్యూమినా తయారు చేస్తుంది. బిళ్లలకు వాడేది గనిలో దొరికిన ఖనిజం కాదు, బాగా శుద్ధి చేసిన ఆక్సైడ్ పొడి; లేకపోతే తెలియకుండా వచ్చి చేరిన సిలికా, కాల్షియమే డోపింగ్ చేసేస్తాయి. అయినా తాను కొలుస్తున్న బిళ్లలోని మూలకం రైలు కిటికీలోంచి తాను రోజూ చూసే నేలలో ఉందని తెలిస్తే పిల్లల ముఖాలు వికసిస్తాయి. ఛత్రపురం నుంచి వచ్చే విద్యార్థులు ఆ రోజు ప్రయోగంలో అడిగే ప్రశ్నలే వేరుగా ఉంటాయి.

ఇక హోల్డరు సంగతి. రెండు ఇత్తడి బిళ్లలను పట్టి ఉంచే పలక ఫినాలిక్ షీటుతో చేశారు. ఢిల్లీ చలికాలంలో అది బాగానే పనిచేస్తుందేమో గానీ, గోపాలపురం సముద్రగాలి తగిలే మా ఊళ్లో శ్రావణ భాద్రపదాల్లో ఆ పలక తేమను పీల్చుకుంటుంది. అప్పుడు విద్యుత్తు బిళ్ల గుండా కాకుండా పలక ఉపరితలం మీదుగా దొంగదారిన పోతుంది. వాన పట్టిన ఒక రోజు మా ల్యాబ్ అసిస్టెంట్ మాంగనీస్ బిళ్ల అంకె చదివి, "మాస్టారూ, నిన్నటి బిళ్లే కదండీ, ఇవాళ నిరోధం ఇంత పడిపోయిందేటి?" అన్నాడు. బిళ్ల తీసేసి, హోల్డరులో ఏమీ లేకుండా అదే వోల్టేజి పెట్టి చూడమన్నాను. ఖాళీ హోల్డరు కూడా దాదాపు అంతే విద్యుత్తు చూపించింది. అంటే మేం కొలుస్తున్నది ఫెర్రైట్ కాదు, తడిసిన పలక.

అప్పటి నుంచి మా ప్రయోగశాలలో ఖాళీ హోల్డరు పరీక్ష లేకుండా ఏ బిళ్లనూ కొలవనివ్వడం లేదు. ఖాళీ హోల్డరు నిరోధం బిళ్ల నిరోధానికి కనీసం వంద రెట్లు ఉంటేనే ఆ అంకె నమ్మదగినది. వానాకాలంలో ఓవెన్‌ను ముందు 120 డిగ్రీలకు తీసుకెళ్లి గంటసేపు ఉంచి, చల్లారేటప్పుడు రీడింగులు తీయాలి. ఇలా చేస్తే పలక, బిళ్ల రెండూ ఆరతాయి. బిళ్లలను సిలికా జెల్ వేసిన డెసికేటరులో (తేమ చేరని మూత పాత్రలో) దాచాలి. ఫెర్రైట్ బిళ్లలో సన్నటి రంధ్రాలుంటాయి, అవి కూడా తేమ పీలుస్తాయి. తయారీదారుకు ఫోన్ చేస్తే సిరామిక్ పలకతో చేసిన హోల్డరును అదనపు ధరకు పంపారు. వారు మర్యాదగానే మాట్లాడారు, సమయానికే పంపారు. కానీ అధిక నిరోధం కొలవడానికి అమ్మే సెట్‌లో అది మొదటి నుంచీ ఉండవలసినది. ఉపరితల విద్యుత్తును పక్కకు మళ్లించే గార్డ్ రింగ్ కొత్త హోల్డరులోనూ లేదు.

వెండి పూత విషయంలోనూ జాగ్రత్త కావాలి. పూత బిళ్ల అంచు దాటి పక్కకు కారితే రెండు ముఖాలూ కలిసిపోయి నిరోధం ఉన్నట్టుండి పడిపోతుంది. పూత ఆరాక అంచును సన్నటి ఎమెరీ కాగితంతో గుండ్రంగా రుద్ది, భూతద్దంతో చూడాలి. ఆ తర్వాత వోల్టేజిని రెట్టింపు చేస్తే విద్యుత్తు రెట్టింపవుతుందో లేదో చూడాలి. కాకపోతే కాంటాక్టు సరిగా లేదన్నమాట. వోల్టేజి పెట్టగానే కనిపించే అంకెను రాసుకోకూడదు. అది మెల్లగా తగ్గుతూ కొంతసేపటికి నిలబడుతుంది, నిలబడిన అంకెనే తీసుకోవాలి.

లెక్క సులువు. 10 మిల్లీమీటర్ల వ్యాసం, 3 మిల్లీమీటర్ల మందం ఉన్న బిళ్లకు ముఖ వైశాల్యం 0.785 చదరపు సెంటీమీటర్లు. నిరోధం 10 కోట్ల ఓమ్‌లు వస్తే, దాన్ని వైశాల్యంతో గుణించి మందంతో భాగిస్తే రెసిస్టివిటీ సుమారు 26 కోట్ల ఓమ్ సెంటీమీటర్లు. ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ ఈ విలువ వేగంగా పడిపోతుంది. రెసిస్టివిటీ లాగరిథమ్‌ను కెల్విన్ ఉష్ణోగ్రత విలోమానికి ఎదురుగా గీస్తే దాదాపు సరళరేఖ వస్తుంది, దాని వాలు నుంచి ఎలక్ట్రాన్ గెంతడానికి కావలసిన ఉత్తేజన శక్తి తెలుస్తుంది.

మాన్యువల్ తప్పుదారి పట్టించేది సరిగ్గా ఇక్కడే. వాలును బోల్ట్‌జ్‌మన్ స్థిరాంకానికి రెట్టింపుతో గుణించి, వచ్చినదాన్ని ఫెర్రైట్ శక్తి అంతరం అని రాయమంటుంది. శుద్ధ జెర్మేనియానికి అది సరైనదే, ఎందుకంటే అక్కడ వేడికి ఎలక్ట్రాన్లు, హోల్స్ (ఎలక్ట్రాన్ వదిలిన ఖాళీలు) జంటలుగా పుడతాయి, రెసిస్టివిటీ సూత్రపు ఘాతంలో శక్తి అంతరంలో సగమే కనిపిస్తుంది. ఫెర్రైట్‌లో ప్రధానంగా జరిగేది జంటలు పుట్టడం కాదు, ఉన్న ఎలక్ట్రాన్ ఒక ఇనుము నుంచి మరో ఇనుముకు గెంతడం. ఆ గెంతుకు కావలసిన శక్తి సగం కాకుండా పూర్తిగానే ఘాతంలో ఉంటుంది. పది ఆధారంగా తీసుకున్న లాగరిథమ్‌ను 1000 భాగించు కెల్విన్‌కు ఎదురుగా గీసినప్పుడు వాలును 0.1984తో గుణిస్తే ఎలక్ట్రాన్ వోల్టుల్లో ఉత్తేజన శక్తి వస్తుంది. మాన్యువల్ ప్రకారం చేసిన విద్యార్థికి దానికి సరిగ్గా రెట్టింపు వస్తుంది, పైగా దానికి తప్పు పేరు పెడతాడు. ఈ పేజీని మేం చించలేదు గానీ, దాని మీద సరైన సూత్రం రాసిన కాగితం అతికించాం. డోపింగ్ చేసిన బిళ్లకు, చేయని బిళ్లకు ఈ శక్తి ఎంత తేడా వచ్చిందన్నదే ప్రయోగంలో అతి విలువైన అంకె, దాన్ని ఇలా పాడుచేయడం నాకు చాలా బాధ కలిగించింది.

క్యూరీ ఉష్ణోగ్రత (ఫెర్రైట్ తన అయస్కాంతత్వం కోల్పోయే ఉష్ణోగ్రత) దగ్గర ఆ సరళరేఖ వాలు మారడాన్ని చూడాలనుకునేవారికి ఈ ఓవెన్ చాలదు. నికెల్ ఫెర్రైట్ క్యూరీ ఉష్ణోగ్రత 585 డిగ్రీలు, కోబాల్ట్ ఫెర్రైట్‌ది 520. జింకు ఎక్కువ పాళ్లున్న నికెల్ జింక్ ఫెర్రైట్లలో అది 200 డిగ్రీల లోపుకు దిగుతుంది కనుక అలాంటి బిళ్ల ఒకటి సంపాదిస్తే మాత్రం ఈ సెట్‌లోనే చూపించవచ్చు.

మాంగనీస్ జింక్ ఫెర్రైట్ కోసం ఈ సెట్ కొనవద్దు. రెసిస్టివిటీ ఒక ఓమ్ మీటర్ ఉన్న బిళ్లకు పైన చెప్పిన కొలతల్లో నిరోధం 38 ఓమ్‌లు మాత్రమే. అక్కడ వెండి పూత, ఇత్తడి బిళ్లల కాంటాక్టు నిరోధాలు కూడా లెక్కలోకి వచ్చి చేరతాయి. కాల్షియం, సిలికా డోపింగ్ గురించి మాటల్లో చెప్పగలం గానీ ఈ సెట్‌తో నమ్మకంగా చూపించలేం. దానికి నాలుగు ప్రోబ్‌ల పద్ధతే సరైనది.

మరో పరిమితి డీసీకి సంబంధించినది. ఫెర్రైట్ కోర్లు నిజంగా పనిచేసేది వేల నుంచి కోట్ల హెర్ట్జ్‌లలో. 1951లో కూప్స్ అనే శాస్త్రవేత్త చూపించినట్టు, విద్యుత్తు బాగా పోనిచ్చే రేణువులు, పోనివ్వని పలుచటి హద్దులు కలిసిన పదార్థంలో డీసీ రెసిస్టివిటీ ఎక్కువగా హద్దులది, పౌనఃపున్యం పెరిగేకొద్దీ రేణువులది బయటపడుతుంది. లాంథనం బిళ్లకు డీసీలో వచ్చిన గొప్ప అంకె పది లక్షల హెర్ట్జ్ దగ్గర కూడా అలాగే ఉంటుందని విద్యార్థి అనుకోకూడదు. కాలేజీలో వేర్వేరు పౌనఃపున్యాల దగ్గర కొలిచే ఎల్‌సీఆర్ మీటరు ఉంటే అవే బిళ్లలను దానికీ తగిలించి చూపించాలి. హద్దులో చేరిన డోపింగ్‌కూ, రేణువు లోపల చేరిన డోపింగ్‌కూ తేడా అప్పుడే కనబడుతుంది.

బిళ్లలన్నీ ఒకే తడవ కాల్చాలన్న మాటకు వస్తాను. రంధ్రాలు ఎక్కువున్న బిళ్లకు రెసిస్టివిటీ ఎక్కువగా వస్తుంది, రేణువులు చిన్నవైతే హద్దులు పెరిగి ఇంకా ఎక్కువగా వస్తుంది. డోపింగ్ చేసిన బిళ్లను ఒక ఉష్ణోగ్రత దగ్గర, చేయనిదాన్ని మరో ఉష్ణోగ్రత దగ్గర కాలిస్తే, కొలిమి చేసిన పనిని మూలకం ఖాతాలో వేసేస్తాం. అందుకే ప్రతి బిళ్లనూ తూచి, కొలిచి, సాంద్రత లెక్కగట్టి రెసిస్టివిటీ పక్కనే రాయిస్తున్నాను. దీనికి ఖర్చు లేదు, ఒక మంచి తక్కెడ, వెర్నియర్ చాలు. బయటి నుంచి బిళ్లలు తెప్పించుకునే కాలేజీలు కూర్పుతో పాటు కాల్చిన ఉష్ణోగ్రత, ఎంతసేపు కాల్చారు, ఎలా చల్లార్చారు అన్న వివరాలు రాసిమ్మని తప్పక అడగాలి.

సెట్ ఆర్డరు చేసేటప్పుడు సిరామిక్ పలక హోల్డరే కావాలని కొటేషన్‌లోనే రాయించుకోండి. వెండి పేస్టు, డెసికేటరు, సిలికా జెల్, మీటరుకు విడి షీల్డెడ్ కేబుల్ సెట్‌లో రావు, విడిగా కొనాలి. షీల్డ్ లేని మామూలు వైరు వాడితే ట్యూబులైటు వేసినా మీటరు అంకె కదులుతుంది. ఏడాది వారంటీ ఇచ్చారు, థర్మోకపుల్‌కు అది వర్తించదు. ఎంఎస్సీ స్థాయి కాలేజీలకు దీన్ని కొనమనే చెబుతాను. డిగ్రీ మొదటి సంవత్సరానికి మాత్రం ఇది అవసరం లేదు, ఆ డబ్బుతో నాలుగు ప్రోబ్‌ల సెట్ తీసుకోవడం మేలు.